కిటకిటలాడే బజారు ఎవరిది?

ఒక శనివారం మధ్యాహ్నం మా పిన్నితో కలిసి హైదరాబాద్ కోఠిలోని సుల్తాన్ బజార్‌లో తిరిగాను. ఆవిడ సంచిలో చిలకాకుపచ్చ చీర ఉంది, దానికి జాకెట్టు గుడ్డ కుదరాలి. ట్యూబులైటు కింద సరిపోయినట్టు కనిపించిన రంగు బయటికి రాగానే మాట మారుస్తుందని ఆవిడకు తెలుసు, అమ్మే ఆయనకూ తెలుసు. అందుకే "వెలుతురులో చూసుకోండమ్మా" అంటూ తానును ఆయనే గడప దాటించి తెచ్చాడు. తలపైన మెట్రో వంతెన. దాని నీడ పడని జానెడు ఎండ ఎక్కడుందో వెతికి, చీర కొంగునూ గుడ్డ అంచునూ పక్కపక్కన పెట్టి, ముగ్గురం కళ్లు చికిలించి చూశాం. మూడో తాను కుదిరింది.

ఆ తరువాత కుక్కర్‌కు గ్యాస్కెట్, లంగాలకు బొందులు, బాబాయి చేతిగడియారానికి పట్టీ కొన్నాం. బస్సు కోసం నిలబడి ఉండగా ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కాగితాలు పట్టుకుని వచ్చారు. ఏదో ప్రాజెక్టు పని. "ఈ బజారులో మీకు కావలసినవి దొరికాయా ఆంటీ?" అని అడిగారు. "అన్నీ దొరికాయమ్మా" అంది పిన్ని. కాగితం మీద ఒక టిక్కు పడింది. బస్సెక్కి కూర్చున్నాక అసలు మాట బయటికి వచ్చింది: "రబ్బరు చుట్ట ఒకటి కొనడానికి ఎల్బీనగర్ అవతల నుంచి కోఠి దాకా రావాలా నాన్నా? మా రోడ్డు మీద అన్ని కొట్లున్నాయి, ఒక్కరి దగ్గరా లేదు."

రెండు మాటలూ నిజమే. కానీ సర్వేకి ఎక్కింది మొదటిది మాత్రమే. సుల్తాన్ బజార్ లెక్కలో మా పిన్ని తృప్తిగా వెళ్లిన కొనుగోలుదారు. ఆవిడ అసలు అక్కడికి రావలసి రావడమే వాళ్ల కాలనీ రోడ్డులో ఉన్న లోటు. ఆ లోటు మాత్రం ఏ కాగితం మీదా లేదు. ఒక వీధి చుట్టుపక్కల జనం అవసరాలు తీరుస్తోందా అన్న ప్రశ్న చూడటానికి చిన్నది. దాన్ని తేల్చబోయి తప్పులో కాలేసినవాళ్లు మాత్రం చాలామంది. బజారులో నిలబడి బజారుకు వచ్చినవాళ్లను అడగడం, పెళ్లి పందిట్లో నిలబడి "మీకు శుభలేఖ అందిందా" అని అడగడం లాంటిది. అందనివాళ్లు పందిట్లో ఉండరు కదా.

కాబట్టి ముందు ఏ వీధి ఎవరి కోసం అన్నది తేల్చుకోవాలి. జర్మనీ భూగోళ శాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టలర్ 1933లో దక్షిణ జర్మనీ పట్టణాలను పరిశీలిస్తూ ఒక ఆలోచన చెప్పాడు. ప్రతి సరుకుకూ రెండు కొలతలుంటాయి. దాని కోసం మనిషి ఎంత దూరం వెళ్లడానికి ఇష్టపడతాడు అన్నది ఒకటి, ఎంతమంది కొంటే ఆ కొట్టు నిలబడుతుంది అన్నది రెండోది. పాల ప్యాకెట్టు కోసం వీధి చివరి దాకా నడుస్తాం, అంతకు మించి నడవం. పెళ్లి పట్టుచీర కోసం ఊరు దాటి వెళతాం. పాల ప్యాకెట్టు అమ్మే కొట్టుకు నాలుగు వీధుల జనం చాలు, పట్టుచీరల దుకాణానికి ఊరంతా కావాలి. దీంతో చిన్న అవసరాల వీధులు అడుగడుక్కీ, పెద్ద అవసరాల బజార్లు అక్కడక్కడా ఏర్పడతాయి. ఈ అమరికను ఆయన పక్కపక్కన ఒదిగిన షడ్భుజాలుగా గీశాడు. నిజమైన ఊళ్లు అలా అమరవు కానీ, ఆ రెండు కొలతలూ ఇప్పటికీ పనికొస్తాయి.

కుక్కర్ గ్యాస్కెట్ ఈ రెండు కొలతల మధ్య ఇరుక్కున్న సరుకు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కావాలి, కాబట్టి దాని మీదే ఆధారపడి ఎవరూ కొట్టు నడపలేరు. అది పాడైన రోజున మాత్రం ఆ పూటకే కావాలి. చెప్పు కుట్టించడం, జిప్పు మార్పించడం, పొయ్యి బర్నరు బాగు చేయించడం, చీరకు ఫాల్ వేయించి పీకో చేయించడం, కళ్లజోడుకు ఊడిన మర బిగించడం అన్నీ ఈ జాతివే. ఒక వీధి జనానికి పనికొస్తోందా అని చూసేటప్పుడు నేను మొదట వెతికేది వీటినే. కిరాణా కొట్టూ మందుల షాపూ ఎక్కడైనా ఎలాగోలా నిలదొక్కుకుంటాయి. ఈ చిల్లర పనుల వాళ్లే ముందుగా మాయమవుతారు.

వెనకటి గ్రామాలు ఈ చిక్కును సంతతో విప్పుకున్నాయి. ఒక ఊరి గిరాకీ గాజుల వ్యాపారిని పోషించలేదు, ఏడు ఊళ్ల గిరాకీ పోషిస్తుంది. అందుకే వారంలో రోజుకో ఊరు తిరుగుతాడు. హైదరాబాద్ కాలనీల్లో వారానికోసారి రోడ్డు పక్కన కూరగాయల అంగడి పరుచుకోవడం ఆ పద్ధతి పట్నానికి వలస రావడమే. ఇందులో సర్వే చేసేవాళ్లకు ఒక హెచ్చరిక కూడా ఉంది. అంగడి మంగళవారం జరిగే వీధిని బుధవారం చూసి "ఇక్కడ కూరగాయలు దొరకవు" అని రాసుకుంటే ఆ నివేదిక చిత్తుకాగితమే. ఉదయం ఏడింటి వీధి వేరు, రాత్రి ఎనిమిదింటి వీధి వేరు. జీతాలొచ్చే మొదటి వారం వేరు, చివరి వారం వేరు. ఆషాఢం తగ్గింపుల్లో, శ్రావణం వ్రతాల ముందు రోజుల్లో లెక్కపెట్టిన జనాన్ని పన్నెండు నెలలకూ వర్తింపజేస్తే బట్టల బజార్లన్నీ బంగారు గనుల్లా కనిపిస్తాయి.

సుల్తాన్ బజార్ మాత్రం మొదటి నుంచీ పక్కింటి అవసరాల కోసం పుట్టింది కాదు. కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్‌వాళ్ల ప్రతినిధి అయిన రెసిడెంటు నివాసం, ఉండేది. దాని చుట్టూ ఉన్న బజార్లు నిజాం అధికారానికి బయట, రెసిడెంటు పాలనలో ఉండేవి. వేరే చట్టం, వేరే పోలీసు ఉన్న చోట తమ డబ్బు భద్రంగా ఉంటుందని వడ్డీవ్యాపారులు, వర్తకులు అక్కడ చేరారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో తిరుగుబాటుదారులు దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే, ఆ స్మారకం ఇప్పటికీ కోఠిలో ఉంది. 1933లో రెసిడెన్సీ బజార్లు తిరిగి నిజాం చేతికి వచ్చి సుల్తాన్ బజార్ అయ్యాయి. అంటే పుట్టినప్పటి నుంచీ ఇది ఊరంతటి కోసం, కొంతవరకు ఊరి అవతలివాళ్ల కోసం ఉన్న బజారు. ఆ తరువాత బస్సులన్నీ కోఠిలో ఆగడం, 2018 సెప్టెంబరులో పక్కనే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషను మీదుగా ఎల్బీనగర్ మెట్రో నడవడం, 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా ఇంకో మెట్రో ఏకంగా బజారు మీదుగానే వెళ్లడం ఆ స్వభావాన్ని ఇంకా ముదిరేలా చేశాయి. ఆ వంతెన వస్తే బజారు చచ్చిపోతుందని వర్తకులు ఏళ్ల తరబడి పోరాడారు. బజారు చావలేదు, వెలుతురు మాత్రం తగ్గింది. పిన్ని చీర పట్టుకుని ఎండ వెతుక్కోవడం నేను కళ్లారా చూశాను.

ఇదే బజారులో అమ్మకంతో సంబంధం లేని చోటు కూడా ఒకటుంది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1901లో, తెలుగు చదువుకు నిజాం రాజ్యంలో చోటు దొరకని రోజుల్లో, రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైన గ్రంథాలయం. ఈ రోజు ఎవరైనా సుల్తాన్ బజార్ దుకాణాల జాబితా తయారు చేస్తే బట్టలు, గాజులు, చెప్పులు, ఇమిటేషన్ నగలు అంటూ పేజీలు నిండుతాయి, గ్రంథాలయం 'ఇతరాలు' అనే గడిలో పడుతుంది. డబ్బు ఖర్చు పెట్టకుండా ఒక గంట కూర్చోగలిగిన చోటు కూడా అవసరమే అని ఒప్పుకుంటే, వీధిని చూసే తీరే మారుతుంది. ఒక బెంచీ, ఒక చెట్టు, ఒక గుడి అరుగు, ఒక పత్రికల గది కూడా జాబితాకు ఎక్కాలి.

పిన్ని వాళ్ల కాలనీ రోడ్డు సంగతికి వద్దాం. ముప్ఫై ఏళ్ల కిందట అక్కడ ఇళ్ల ముందు గదులే కొట్లు. ఒక కిరాణా, ఒక పిండి గిర్నీ, ఒక టైలరు, ఒక సైకిలు షాపు. ఇంటివాళ్లే నడిపేవారు, అద్దె అన్న మాట లేదు. తరువాత ఇళ్లు అపార్టుమెంట్లయ్యాయి, ముందు గదులు షట్టర్లయ్యాయి, షట్టర్లకు అద్దె వచ్చింది. చదరపు అడుగుకు ఇంత అని అద్దె కట్టేవాడికి అదే అడుగులో ఎక్కువ మిగిలే సరుకే కావాలి. ఫోను కవర్లు, బేకరీ, బిర్యానీ, రెడీమేడ్ బట్టలు మిగులుస్తాయి. గిర్నీ మిగల్చదు, పైగా చప్పుడు. జనాభా పెరిగినా సేవలు తగ్గడం చాలామందికి వింతగా అనిపిస్తుంది. వింతేమీ లేదు. జనం పెరగడంతో గిరాకీ పెరిగింది, అంతకంటే వేగంగా అద్దె పెరిగింది. చెప్పులు కుట్టేవాడి గిరాకీ ఆ అద్దెను ఎన్నటికీ అందుకోలేదు.

ఆ బస్సు ప్రయాణం తరువాత పిన్నిని ఒక పని చేయమని అడిగాను. పాలవాడి లెక్క రాసే నోటుపుస్తకంలోనే వెనక పేజీలు తిప్పి, నెల రోజులపాటు ఇంట్లోకి ఏది కావలసి వచ్చిందో, ఎక్కడ దొరికిందో, ఎవరు తెచ్చారో, ఎన్నాళ్లు ఆగవలసి వచ్చిందో రాయమన్నాను. కొన్నవాటి జాబితా కాదు, కావలసి వచ్చినవాటి జాబితా అని రెండుసార్లు చెప్పాను. ఆవిడ నవ్వింది. "కొననివి రాస్తే మీ బాబాయి చదివి మళ్లీ మొదలుపెడతాడు" అంది. కానీ రాసింది.

నాకు ఎక్కువ విషయం దొరికింది చివరి గడిలోనే. పాలు, పెరుగు, కూర, టిఫిను పిండి, రక్తపోటు మాత్రలు ఎప్పటికప్పుడే అందాయి. అప్పటికే కోఠిలో కొన్న గ్యాస్కెట్‌ను కూడా ఆవిడ చేర్చింది, ఆ వరుసలో మాత్రం "3 వారాలు, పప్పు గిన్నెలో ఉడికించాను" అని ఉంది. ఆ చిన్న వాక్యంలో అదనంగా కాలిన గ్యాసూ, అదనంగా పొయ్యి దగ్గర నిలబడ్డ కాళ్లూ ఉన్నాయి. ఏ దుకాణం అమ్మకాల లెక్కలోనూ అవి కనిపించవు. ఇంకో వరుసలో "రక్తపరీక్ష, పొద్దున్నే పరగడుపున వెళ్లాలి, ఎవరైనా తోడు రావాలి, వాయిదా" అని ఉంది. రెండో గడి ఖాళీ. వీధిలో ల్యాబు ఉంది, మెట్ల మీద, రెండో అంతస్తులో, లిఫ్టు లేకుండా. సర్వే లెక్కలో ఆ వీధికి ల్యాబు ఉన్నట్టే. మోకాళ్లు అరిగిన మనిషి లెక్కలో లేనట్టే.

ఇలాంటి నోటుపుస్తకం ఒకే ఇంట్లో రాయిస్తే చాలదు. ఆ అపార్టుమెంటులో నాలుగిళ్లలో పని చేసే ఆవిడ, పై గదిలో అద్దెకుండే కోచింగు కుర్రాళ్లు, వాచ్‌మన్ కుటుంబం, ఎనిమిదో తరగతి పిల్ల, వీళ్లందరూ అదే వీధిలో ఉంటారు కానీ ఒకే వీధిలో బతకరు. ఎనిమిదో తరగతి పిల్లకు చార్టూ గ్రాఫు కాగితమూ రాత్రి తొమ్మిదింటికి గుర్తొస్తాయి. కోచింగు కుర్రాడికి చవకగా ఒక పూట భోజనం కావాలి. పనావిడకు పని ముగిసే రెండింటికి రేషను షాపు తెరిచి ఉండాలి. సమాజం అని ఏకవచనంలో అంటాం కానీ సర్వేకి వెళ్లేవాళ్లు దాన్ని కనీసం అరడజను మనుషులుగా విడదీసుకోకపోతే, గట్టిగా మాట్లాడే కాలనీ సంఘం అధ్యక్షుడి అవసరాలే అందరి అవసరాలుగా నివేదికకు ఎక్కుతాయి.

జేబు కూడా చూడాలి. జాతీయ నమూనా సర్వే వారి గృహ వినియోగ వ్యయ లెక్కల ప్రకారం 2022-23లో పట్టణాల్లో నెలకు తలసరి సగటు ఖర్చు 6,459 రూపాయలు, అందులో తిండికి పోయేది సుమారు 39 శాతం. పల్లెల్లో 3,773 రూపాయలు, అందులో తిండి 46 శాతం పైనే. ఖర్చు ఎంత తక్కువైతే తిండి వాటా అంత పెద్దదన్నది ఎప్పటి నుంచో తెలిసిన సంగతి. వీధిని పరిశీలించేటప్పుడు దీని అర్థం ఏమిటంటే, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు బట్టల దుకాణాలు ఎన్ని పెరిగినా ఒరిగేది తక్కువ, కూరగాయలు కిలోకు రెండు రూపాయలు తగ్గితే ఒరిగేది ఎక్కువ. అందుకే దొరుకుతుందా అన్నదానితో ఆగకుండా ఎంతకు దొరుకుతుంది అని కూడా అడగాలి. ఒకే రకం, ఒకే తూకం ఉన్న పది సరుకులు ఎంచుకుని కాలనీ కిరాణాలో, సూపర్‌మార్కెట్‌లో, బండి మీద ధరలు రాసుకుంటే పోలిక తెలుస్తుంది. తూకం దగ్గర జాగ్రత్త. పావు లీటరు నూనె కొనేవాళ్లు లీటరుకు లెక్క కడితే ఎక్కువే ఇస్తుంటారు. వాళ్లకు అది తెలియక కాదు, ఆ రోజు చేతిలో ఉన్నది అంతే.

కిరాణాలో ఇంకో సరుకు కూడా దొరుకుతుంది, దాని ధర ఏ బోర్డు మీదా ఉండదు. అరువు. సాయంత్రం వచ్చి "అన్నా, ఖాతాలో రాయి" అని బియ్యం తీసుకెళ్లే మనిషికి పక్కనే ఉన్న సూపర్‌మార్కెట్ ఎంత చవకైనా అందని ద్రాక్షే. ధరల పట్టిక మాత్రమే చూసి కిరాణా ఖరీదని తేల్చేవాళ్లు ఆ ఖాతా పుస్తకాన్ని చూడలేదన్నమాట.

పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు ఈ లెక్కనంతా కొత్తగా కలిపి కుదిపాయి. వాటి గోదాములు జనం నడిచే వీధిలో కనిపించవు. పిన్ని కొడుకు అమెరికా నుంచి ఫోనులో నొక్కితే ఇక్కడ తలుపు తడతారు. మంచిదే, ఆవిడకు అది నిజంగా ఆసరా. అయితే క్రిస్టలర్ రెండో కొలత గుర్తు చేసుకోండి. ఎంతమంది కొంటే కొట్టు నిలబడుతుంది? ఫోనూ కార్డూ ఉన్న ఇళ్లు తమ సబ్బూ పప్పూ యాప్‌కు మళ్లిస్తే, కిరాణాకు మిగిలేది అరువు ఖాతాలూ చిన్న ప్యాకెట్లూ. ఒకప్పుడు రెండు రకాల కొనుగోళ్లూ కలిసి ఆ కొట్టును మోసేవి. ఒక వైపు భుజం తప్పుకుంటే రెండో వైపుకు బరువు పెరుగుతుంది. కొట్టు మూతపడిన రోజు ఇబ్బంది యాప్ ఉన్నవాళ్లది కాదు. కాబట్టి "ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కదా" అన్న జవాబును సర్వేలో రాసుకోవచ్చు కానీ ఎవరు చెప్పారో పక్కన రాసుకోవాలి.

షట్టర్లు లెక్కపెట్టి ఇదే వీధి అనుకోవడం మరో పొరపాటు. సగం వీధి బండ్ల మీద ఉంటుంది. ఇస్త్రీ బండి, అరటిపళ్ల బండి, పూలు అల్లే ఆవిడ, తాళంచెవుల మనిషి. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం వీళ్లను ఆక్రమణదారులుగా కాక హక్కుదారులుగా చూస్తుంది. అయిదేళ్లకోసారైనా సర్వే జరగాలని, ఆ సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని, వీధి వ్యాపారాన్ని చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు మహిళలు కావాలని అందులో ఉంది. వార్డు జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు చూపాలన్న లెక్క కూడా ఉంది. నలభై వేల జనాభా ఉన్న వార్డుకు ఆ లెక్కన వెయ్యి మంది. మీ వార్డులో ఆ చోట్లు ఎక్కడ గీశారో అడిగి చూడండి, సమాధానమే ఒక పరిశోధన అవుతుంది.

బండ్ల వల్ల నడవడానికి చోటు లేదంటారు. కొన్నిచోట్ల నిజమే. కానీ నేను చూసిన కాలనీ రోడ్లలో ఫుట్‌పాత్ మీద ఎక్కువ చోటు తిన్నది బండి కాదు, నిలిపి ఉంచిన మోటారు సైకిళ్లూ ట్రాన్స్‌ఫార్మరూ దుకాణం ముందుకు జరిపిన అద్దాల బీరువా. బండివాడిని మాత్రమే లెక్కపెట్టడం కంటికి ఆనిన తప్పునే తూచడం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతంలోనైనా 1.8 మీటర్ల అడ్డంకిలేని నడక దారి ఉండాలి. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా దాటుకునే వెడల్పు అది. టేపు తీసుకెళ్లి కొలవండి. ఫుట్‌పాత్ గట్టు వెడల్పు కాదు, అడ్డాలన్నీ పోగా మిగిలిన వెడల్పు కొలవాలి.

ఎత్తు సంగతి ఇంకా చిత్రమైనది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర వేస్తారు. వానాకాలంలో నీళ్లు లోపలికి రాకుండా దుకాణదారు గడప ఎత్తు పెంచుకుంటాడు. రెండు మూడు రోడ్లు తిరిగేసరికి మెట్లు మోకాలి ఎత్తుకు చేరతాయి. చక్రాల కుర్చీకి వాలు దారి కట్టాలంటే ఒక్క అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలన్నది ప్రమాణం. 45 సెంటీమీటర్ల గడపకు 5.4 మీటర్ల వాలు. అంత పొడవు కడితే ఫుట్‌పాతే మాయమవుతుంది. అంటే దుకాణదారు మంచితనంతో తేలే సమస్య కాదిది. రోడ్డు మట్టం, మురుగు కాలువ మట్టం నిర్ణయించే ఇంజనీరు బల్ల మీద పుట్టింది. సర్వే చేసేవాళ్లు "ర్యాంపు లేదు" అని రాసి ఊరుకోకుండా ఆ వరసను వెనక్కి లాగి చూడగలిగితేనే పని జరిగినట్టు.

మరుగుదొడ్డి గురించి ఎక్కువ చెప్పను. పిన్ని బజారుకు వెళ్లే రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగదు. ఆవిడ స్నేహితురాళ్లూ అంతే. ఎవరూ దాన్ని ఫిర్యాదుగా చెప్పరు, బజారుకు వెళ్లే పద్ధతిలో భాగం అనుకుంటారు. ప్రశ్నాపత్రంలో "మరుగుదొడ్ల సదుపాయంతో సంతృప్తిగా ఉన్నారా" అని అడిగితే "పరవాలేదు" అనే అంటారు. "బజారుకు వచ్చే ముందు నీళ్లు తాగారా" అని అడగాలి.

ఇన్ని లెక్కలూ చేతికొచ్చాక వీధి పాసా ఫెయిలా అని మార్కులు వేయాలన్న తహతహ ఉంటుంది. నా మట్టుకు నేను వేయను. ఏ అవసరం, ఎవరికి, ఏ పూట, ఎంత దూరంలో, ఎంత ఆలస్యంగా తీరుతోంది అన్నది ఇంటింటికీ మారుతున్నప్పుడు ఒక్క అంకె దేన్నీ చెప్పదు. ఖాళీ గడులు ఎవరి వరుసలో గుమిగూడాయో చూస్తే చాలు. పిన్ని కాలనీలో అవి ముసలివాళ్ల వరుసలోనూ, మరమ్మతు పనుల నిలువులోనూ గుమిగూడాయి.

ఆ గడులను ఎవరు నింపగలరు? పురపాలక సంఘం ఒక చెప్పులు కుట్టేవాడిని "ఇక్కడ కొట్టు పెట్టు" అని ఆజ్ఞాపించలేదు. కానీ చేయగలిగినవి ఉన్నాయి. ప్రభుత్వం గట్టిగా తలుచుకున్న ఉదాహరణ మన రైతు బజార్లు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. స్థలం ప్రభుత్వమే ఇచ్చింది, రైతులకు గుర్తింపు కార్డులిచ్చింది, ఆ రోజు ధరలు బోర్డు మీద రాయించింది. అద్దె అనే అడ్డుగోడను తీసేస్తే కూరగాయలు చవకగా ఎలా దొరుకుతాయో అది చూపింది. మరమ్మతులకూ అదే తర్కం పనికొస్తుంది. పురపాలక దుకాణాలను ఎక్కువ పాడినవాడికి వేలంలో ఇచ్చినంత కాలం వాటిలోకి మళ్లీ ఫోను కవర్లే వస్తాయి. వాటిలో రెండు గదులను తక్కువ అద్దెకు, లేదా వారానికి రెండు రోజులు వంతులవారీగా ఒక చెప్పుల మనిషికీ ఒక పొయ్యిల మనిషికీ ఇస్తే ఖజానాకు పోయేది కొంచెమే. సంతలో గాజుల వ్యాపారి చేసిన పనే ఇది. మూడు కాలనీలు కలిస్తే ఒక పొయ్యిల మనిషి నిలబడతాడు.

ఇంకో సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. పిన్ని కోఠి రావడానికి టిక్కెట్టు ఖర్చు లేదు. దూరం అంటే డబ్బు అనుకున్న రోజుల్లో కాలనీ కొట్టు పక్షాన ఉన్న వాదన ఇప్పుడు కొంత బలహీనపడింది. బస్సు ఉచితం కావడం ఆవిడ ప్రపంచాన్ని పెంచింది, అందులో సందేహం లేదు. దాన్ని చూపించి "వెళ్లగలరు కదా, ఇంక ఇక్కడెందుకు" అనడం మాత్రం ఆవిడ మధ్యాహ్నాన్ని విలువ లేనిదిగా కట్టడం. ఆ గ్యాస్కెట్‌కు టిక్కెట్టు సున్నా, సమయం నాలుగు గంటలు.

మొన్న వెళ్లినప్పుడు నోటుపుస్తకం ఇంకా నడుస్తోంది. నెల దాటినా మానలేదు, అలవాటైపోయిందట. పాల లెక్కకూ దీనికీ మధ్య ఒక పేజీ మడిచి పెట్టింది. చివరి వరుస ఆ పొద్దున రాసినట్టుంది, సిరా ఇంకా మెరుస్తోంది. "చెప్పు పట్టీ తెగింది" అని ఉంది. దాని పక్కన 'ఎక్కడ' అన్న గడిలో ఒక పిన్నీసు గుచ్చి ఉంది.

"అదేమిటి పిన్నీ?" అన్నాను.

"అదే. ప్రస్తుతానికి దానితోనే నడుస్తున్నాను" అంది.